నల్లమల రాయి, వియన్నా లెక్క

మార్కాపురం పలక రాయి, పులివెందుల పక్కన తుమ్మలపల్లి యురేనియం రాయి ఒకే రాతి కుటుంబానివి. భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ కుటుంబాన్ని కడప బేసిన్ అంటారు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన ఆ పొరల్లో పలకలు దొరికే వరుసకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘కంభం ఫార్మేషన్’. అవును, చెరువున్న మన కంభమే. యురేనియం ఉన్నది అంతకన్నా పాతదైన వేంపల్లె పొరలో. మధ్యలో నల్లమల. అడవికి తూర్పున గిద్దలూరు, మార్కాపురం, దోర్నాల. పడమట నంద్యాల, ఆత్మకూరు. కృష్ణ దాటితే అమ్రాబాద్.

ఈ రాళ్లలో యురేనియానికి మాత్రమే ప్రపంచ స్థాయి లెక్కల పుస్తకం ఒకటుంది. అది వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐఏఈఏ దగ్గర ఉంటుంది. ఎనిమిది కిలోల ప్లూటోనియం చెయ్యి మారితే ఒక బాంబు తయారయిందేమోనని అనుమానించాలని ఆ సంస్థ కొలత పెట్టుకుంది. అంత సూక్ష్మంగా సాగే లెక్క రాయి దగ్గర మొదలవుతుందా, ఆ తర్వాత ఎప్పుడో మొదలవుతుందా? అణ్వాయుధ వ్యాప్తి నిరోధంపై అరవై ఏళ్లుగా సాగుతున్న చర్చ రకరకాల ముళ్లు పడింది. సమానత్వం, భద్రత, కరెంటు, పర్యావరణం అందులో ఒకదానిలో ఒకటి చిక్కుకున్నాయి. నల్లమల చుట్టుపక్కల నిలబడి చూస్తే ఆ చిక్కులో ఒక పోగు స్పష్టంగా కనిపిస్తుంది.

జిల్లా పుట్టిన ఏడాది

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. అంతవరకు కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు అందులో చేరాయి. రెండేళ్ల తర్వాత దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఆ జిల్లా పుట్టిన నెల రోజులకు, మార్చి 5న, ఎన్‌పీటీ అని పిలిచే అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం అమల్లోకి వచ్చింది. పశ్చిమ ప్రకాశంలో ఆ రోజు ఆ వార్తను ఎవరైనా పట్టించుకున్నారో లేదో గానీ, ఆ ఒప్పందంలోని ఒక వాక్యం ఇప్పటికీ ఈ దేశాన్ని బయటే నిలబెడుతోంది. 1967 జనవరి 1కి ముందు అణు పరీక్ష చేసినవాళ్లే అణ్వాయుధ దేశాలు: అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్, ఫ్రాన్స్, చైనా. మిగతావాళ్లంతా బాంబు వద్దని రాసివ్వాలి. బదులుగా శాంతియుత అణుశక్తికి సాయం అందుతుంది. బాంబులున్న ఆ ఐదు దేశాలూ నిరాయుధీకరణ వైపు చిత్తశుద్ధితో చర్చలు సాగిస్తామని మాటిచ్చాయి.

భారత్, పాకిస్తాన్, ఇజ్రాయెల్ సంతకం చేయలేదు. ఉత్తర కొరియా చేసి, 2003లో వెళ్లిపోయింది.

భారత్ మొదట అడిగింది బాంబు కాదు. 1954లోనే నెహ్రూ అణు పరీక్షలు నిలిపివేయాలని పార్లమెంటులో ప్రతిపాదించారు. అలాంటి దేశాన్ని 1974 మే 18 నాటి పోఖ్రాన్ అణు పరీక్ష తర్వాత వేలెత్తి చూపడానికి కారణం సైరస్ రియాక్టరు. కెనడా ఇచ్చిన రియాక్టరు, అమెరికా ఇచ్చిన భారజలం, రెండూ శాంతి కోసమని తీసుకున్నవే. అందులో పుట్టిన ప్లూటోనియంతోనే ఆ పరీక్ష జరిగింది. అది శాంతియుత విస్ఫోటమని ఢిల్లీ చెప్పింది. సరఫరా దేశాలు నమ్మలేదు. లండన్‌లో కూర్చుని అణు సరఫరాదారుల బృందాన్ని, ఎన్‌ఎస్‌జీని, కట్టాయి. ఇతర దేశాలను అదుపు చేసే ఆ బృందం పుట్టుకకు భారత్ కారణం కావడం, నలభై ఏళ్ల తర్వాత అదే భారత్ అందులో సభ్యత్వం అడగడం ఈ చరిత్రలోని విచిత్రమైన మలుపు.

నంద్యాల ఎంపీ, పోఖ్రాన్ ఇసుక

ఈ చరిత్రలో పశ్చిమ ప్రకాశం ఓటుకు నేరుగా చోటున్న ఘట్టం ఒకటుంది. 2008 పునర్విభజనకు ముందు గిద్దలూరు శాసనసభ స్థానం నంద్యాల లోక్‌సభ నియోజకవర్గంలో ఉండేది. 1991 ఉప ఎన్నికలో అక్కడి నుంచే ప్రధాని పి.వి.నరసింహారావు దాదాపు 5.8 లక్షల మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీ కూడా పెట్టలేదు.

ఆ పదవీకాలంలోనే, 1995 మే 11న, ఎన్‌పీటీని కాలపరిమితి లేకుండా పొడిగించారు. అంటే ఆ ఐదు దేశాల హోదా శాశ్వతమైంది. సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం, సీటీబీటీ, జెనీవాలో రూపుదిద్దుకుంటోంది. తలుపు మూసుకునేలోపు పరీక్ష చేయాలా వద్దా అన్నది పీవీ ముందున్న ప్రశ్న. ఆ ఏడాది చివర్లో పోఖ్రాన్‌లో సన్నాహాలు మొదలయ్యాయి. అమెరికా ఉపగ్రహాలు పట్టేశాయి, డిసెంబరులో విషయం పత్రికలకెక్కింది, పరీక్ష జరగలేదు. బాంబు సిద్ధంగా ఉందని తనకు పీవీయే చెప్పారని వాజపేయి తర్వాత అన్నారు. 1998 మే 11, 13 తేదీల్లో వాజపేయి ప్రభుత్వం ఆ పని పూర్తి చేసింది. అదే నెల 28న, 30న పాకిస్తాన్ బదులిచ్చింది. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి జూన్‌లో ఇద్దరినీ ఖండించింది.

1995 సంకోచాన్ని పిరికితనంగా చదివేవాళ్లున్నారు, నేర్పుగా చదివేవాళ్లున్నారు. ఆంక్షల దెబ్బను తట్టుకునేంత బలం ఆర్థిక సంస్కరణలకు అప్పటికింకా రాలేదన్న వాదన ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

నాలుగు వాదాలు

పుస్తకాల్లో, ప్రసంగాల్లో ఈ చర్చ అనేక రూపాల్లో కనిపించినా మూలంలో నాలుగు ధోరణులున్నాయి.

మొదటిది వ్యవస్థను నమ్మే వాదం. 1970ల నాటికి పదిహేను నుంచి ఇరవై ఐదు దేశాల చేతికి బాంబు వస్తుందేమోనని 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ భయపడ్డారు. ఇప్పుడున్నవి తొమ్మిది. దక్షిణాఫ్రికా తయారు చేసుకున్న బాంబులను తానే విప్పేసి 1991లో ఎన్‌పీటీలో చేరింది. ఉక్రెయిన్, కజకిస్తాన్, బెలారుస్ సోవియట్ వారసత్వంగా వచ్చిన ఆయుధాలను వదులుకున్నాయి. ఒప్పందం వివక్షతో కూడినదే కావచ్చు, కానీ పని చేసిందని వీళ్ల మాట. ఈ లెక్కను తేలిగ్గా కొట్టిపారేయలేం.

రెండోది భారత్ దశాబ్దాలుగా వినిపించిన వివక్ష వాదం. 1998లో బీజేపీ నేత జస్వంత్ సింగ్ అమెరికా పత్రికలో రాసిన వ్యాసానికి శీర్షికగా అణు వర్ణవివక్ష అన్న మాటనే వాడారు. మాట ఘాటైనదే, విషయం నిజం. ఐదు దేశాలు నిరాయుధీకరణ హామీని ఎంత నిలబెట్టుకున్నాయి? 1986లో ప్రపంచంలో సుమారు 70,000 అణు వార్‌హెడ్లు ఉండేవి. స్టాక్‌హోమ్ సంస్థ సిప్రి అంచనా ప్రకారం 2025 మొదట్లో 12,241. తగ్గుదల పెద్దదే. కానీ అందులో ఎక్కువ భాగం అమెరికా, రష్యా తమ మధ్య రాసుకున్న ఒప్పందాల వల్ల జరిగింది. వాటిలో చివరిదైన న్యూ స్టార్ట్ గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. ఈ వాదానికి బలహీనత ఒకటుంది: వివక్ష పోవాలన్న కోరిక క్రమంగా మమ్మల్నీ పై వరుసలో కూర్చోబెట్టండి అన్న కోరికగా మారింది. 1988లో రాజీవ్ గాంధీ సమితి ముందుంచిన దశలవారీ నిరాయుధీకరణ ప్రణాళిక ఇప్పుడు ఢిల్లీ ప్రసంగాల్లో మొక్కుబడిగా వినిపిస్తుంది.

మూడోది నిరోధశక్తి వాదం. అమెరికా పండితుడు కెనెత్ వాల్ట్జ్ 1981లో, బాంబులు నెమ్మదిగా పాకితే యుద్ధాలు తగ్గుతాయని రాశాడు. మరో పండితుడు స్కాట్ సేగన్ ఒప్పుకోలేదు: దేశాలు బుద్ధిగా ఉన్నా వాటి సైన్యాలు, అధికార యంత్రాంగాలు, యంత్రాలు పొరపాట్లు చేస్తాయన్నాడు. 1999 కార్గిల్, 2025 మే నాలుగు రోజుల పోరు ఇద్దరికీ సాక్ష్యాలే. అణు రాజ్యాలు పూర్తి యుద్ధానికి దిగలేదు, అది వాల్ట్జ్‌కు. అణు రాజ్యాలే ఒకరి భూమిపై మరొకరు క్షిపణులు వేసుకున్నాయి, అది సేగన్‌కు. ఉదాహరణలు పెరిగిన కొద్దీ ఈ వివాదం తేలడం లేదు, ఇంకా గట్టిపడుతోంది.

నాలుగోది బాంబే వద్దనే వాదం. 2017లో 122 దేశాల ఓటుతో వచ్చిన నిషేధ ఒప్పందం 2021 జనవరి 22న అమల్లోకి వచ్చింది. తొమ్మిది అణు దేశాల్లో ఒక్కటీ చేరలేదు. తెలుగునాట ఈ ధోరణి బాంబు వ్యతిరేకత రూపంలో కన్నా గని వ్యతిరేకత, రియాక్టరు వ్యతిరేకత రూపంలో ఎక్కువగా బతికింది. మానవ హక్కుల వేదిక వంటి సంఘాలు నల్లగొండలో ప్రతిపాదించిన యురేనియం గనుల దగ్గరా, శ్రీకాకుళం కొవ్వాడ రియాక్టరు ప్రతిపాదన దగ్గరా అదే పని చేశాయి.

2008: ఒకే ప్రహరీలో గీత

ఈ నాలుగు వాదాలూ ఒకేసారి ఢీకొన్నది భారత్-అమెరికా అణు ఒప్పందం దగ్గర. 2005 జూలై 18న మన్మోహన్, బుష్ ఉమ్మడి ప్రకటన. 2008 జూలై 22న లోక్‌సభలో 275-256 ఓట్లతో ప్రభుత్వం గట్టెక్కడం. ఆగస్టు 1న ఐఏఈఏ పాలకవర్గం అంగీకారం. సెప్టెంబరు 6న ఎన్‌ఎస్‌జీ మినహాయింపు. ఎన్‌పీటీలో చేరకుండానే అణు వాణిజ్యం చేసుకునే వీలు ఒక్క భారత్‌కే దక్కింది.

దానికి బదులుగా భారత్ తన అణు సంస్థలను రెండుగా చీల్చింది: పౌర అవసరాలవి ఒక వైపు, సైనిక అవసరాలవి ఇంకో వైపు. నాటి 22 విద్యుత్ రియాక్టర్లలో 14 అంతర్జాతీయ తనిఖీ కిందికి వచ్చాయి, 8 రాలేదు. ఈ గీత తెలుగు నేల మీదుగా కూడా పోయింది. 1971లో ఏర్పడిన హైదరాబాద్ అణు ఇంధన సముదాయం, ఎన్‌ఎఫ్‌సీలో, ఒకే ప్రహరీ లోపల కొన్ని బ్లాకులను తనిఖీ జాబితాలో పెట్టారు, మిగతావాటిని పెట్టలేదు. గోదావరి ఒడ్డున మణుగూరు భారజల కర్మాగారం పౌర జాబితాలోకే రాలేదు.

అసలు తగువు ఇంధనం చుట్టూ. ఒప్పందానికి ముందు 2007-08లో యురేనియం కొరత వల్ల రియాక్టర్లు సగం సామర్థ్యానికి అటూ ఇటూగా నడిచాయి. బయటి యురేనియం వస్తే కరెంటుకు దాన్ని వాడి, దేశంలో తవ్వినదాన్ని బాంబుకు మళ్లించవచ్చు గదా? జియా మియాన్, ఎ.హెచ్.నయ్యర్, ఆర్.రాజారామన్, ఎం.వి.రమణ 2006లో వెలువరించిన అధ్యయనం లేవనెత్తిన ప్రశ్న ఇదే. ఇద్దరు పాకిస్తానీలు, ఇద్దరు భారతీయులు కలిసి రాశారన్నది గుర్తుంచుకోదగిన విషయం. అదే ఏడాది విశ్లేషకుడు ఆష్లీ టెల్లిస్ ఎదురు వాదన రాశారు: భారత్‌కు కావలసినన్ని బాంబులకు సరిపడా ఖనిజం ఇప్పటికే ఉంది, చేయకపోవడం దాని ఎంపిక, ఒప్పందం ఉన్నా లేకున్నా ఆ ఎంపిక మారదు.

ఎవరి మాట నిలిచింది? సిప్రి అంచనాల్లో 2009లో భారత్ వార్‌హెడ్లు 60 నుంచి 70, 2025లో 180. పదహారేళ్లలో రెట్టింపు దాటింది, కాబట్టి మొదటివాళ్ల భయం గాలిలోంచి పుట్టింది కాదు. సగటున ఏడాదికి ఏడు మాత్రమే, కాబట్టి టెల్లిస్ అంచనా కూడా తప్పలేదు. సరిహద్దుకు అవతల పాకిస్తాన్ అదే కాలంలో 60 నుంచి 170కి వెళ్లింది. ఆ వేగానికి ఒప్పందం ఎంత కారణం, సంప్రదాయ సైన్యంలో భారత్ ఆధిక్యం ఎంత కారణం అన్నది విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాలేదు.

గని దగ్గర మొదలవని లెక్క

ఇక తుమ్మలపల్లికి రావాలి. 2007 నవంబరులో, అంటే ఢిల్లీలో ఒప్పందం గొడవ జోరుగా ఉన్నప్పుడు, వై.ఎస్.రాజశేఖరరెడ్డి దానికి శంకుస్థాపన చేశారు. 2012లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 3,000 టన్నుల రాయి ఆడించే మిల్లు. రాయి మాత్రం పేదది: టన్నుకు అర కిలో యురేనియం కూడా ఉండదు. సున్నపురాయి జాతి కావడంతో యాసిడ్ బదులు క్షారంతో కరిగిస్తారు. మిగిలేది సోడియం డైయురనేట్ అనే పసుపు రంగు పదార్థం. అది హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీకి పోతుంది. 49,000 టన్నుల నిల్వ ఖాయమని, అది మూడింతలు కూడా కావచ్చని 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షుడు ప్రకటించినప్పుడు పత్రికలు పండగ చేసుకున్నాయి.

ఆ పసుపు పదార్థానికి వియన్నాలో లెక్క లేదు. ఇది దొంగతనం కాదు, నిబంధనలే అలా ఉన్నాయి. ఎన్‌పీటీలోని సాధారణ దేశాల విషయంలోనూ తనిఖీ ఖనిజం తవ్వకానికి, శుద్ధికి వర్తించదని 1970ల నాటి నమూనా ఒప్పందమే చెబుతుంది. పదార్థం ఇంధనం చేయడానికో, సంపన్నం చేయడానికో తగినంత శుద్ధమయ్యాకే పూర్తి లెక్క మొదలవుతుంది. ఇరాక్ రహస్య కార్యక్రమం బయటపడ్డాక 1997లో తెచ్చిన అదనపు ప్రోటోకాల్ గనుల వివరాలు కూడా ఇమ్మంది. భారత్ 2014లో అమలు చేసిన ప్రోటోకాల్ మాత్రం ఆ నమూనా కన్నా బాగా ఇరుకైనది. ప్రధానంగా ఎగుమతుల సమాచారానికి పరిమితం. కెనడా నుంచో, కజకిస్తాన్ నుంచో దిగుమతయ్యే యురేనియం తనిఖీ ఉన్న రియాక్టర్లకు, లెక్కతో వెళ్తుంది. కడప యురేనియం ఎటు వెళ్లాలన్నది ఢిల్లీ ఇష్టం. వ్యూహకర్తలు దాన్నే స్వేచ్ఛ అంటారు.

స్వేచ్ఛ ఉన్నచోట గోప్యత కూడా ఉంటుంది. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ అణు సమాచారాన్ని వెల్లడించకుండా ఆపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. బాంబు రహస్యం కాపాడడానికి ఉద్దేశించిన ఆ నీడ గని పక్క ఊరి బావి మీద కూడా పడింది. తుమ్మలపల్లి పరిసరాల్లోని కేకే కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా చెబుతున్నారు. గని నడిపే సంస్థ ఒప్పుకోలేదు. చెరువు అడుగున వేసిన పొర సరిపోతుందా అన్న వివాదం కాలుష్య నియంత్రణ మండలి దాకా వెళ్లింది. ఇలాంటి తగువు తీరాలంటే ఏ బోరులో ఏ నెలలో ఏముందో ఊరివాళ్లు చూసుకునేలా, వాళ్లు నమ్మే మూడో మనిషి చేతిమీదుగా కొలతలు బయటికి రావాలి.

ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన తరాలను చూసిన మార్కాపురం, కనిగిరి ప్రాంతానికి భూగర్భ జలం అంటే ఏమిటో ఎవరూ వివరించనక్కర్లేదు. నల్లమలను తొలిచి శ్రీశైలం జలాశయం నుంచి నీళ్లు తెచ్చే వెలిగొండ సొరంగాల కోసం ఇక్కడి జనం 1996 శంకుస్థాపన నుంచి ఎదురుచూశారు. కొండ అవతల తవ్వే బోరు కొండ ఇవతల కబురు కావడానికి ఈ ఎదురుచూపు ఒక్కటి చాలు.

నల్లమల చుట్టూ మూడు ప్రతిఘటనలు

నాగార్జునసాగర్ పక్కన లంబాపూర్-పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వడానికి 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. జలాశయం ఒడ్డున గని ఏమిటని జనం తిరగబడ్డారు. ఆ గని రాలేదు.

2019 మేలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సరేనంది. ప్రతిపాదనలో దాదాపు 4,000 బోర్లు ఉన్నాయి. చెంచు పెంటల్లో మొదలైన వ్యతిరేకత హైదరాబాద్ సినిమా తారల దాకా పాకింది. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. కృష్ణకు ఈవల అదే అడవి, అవే పులులు, అదే చెంచు జాతి. మార్కాపురం అటవీ డివిజన్ కూడా నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమే.

2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్ల ప్రతిపాదన మీద పల్లెలు రోడ్డెక్కాయి. ముఖ్యమంత్రి చంద్రబాబు తవ్వకాలు ఉండవని ప్రకటించారు.

మూడు చోట్లా ఆందోళన నీళ్ల గురించి, అడవి గురించి. బాంబు ప్రస్తావన దాదాపు లేదు. వియన్నాలో మాట్లాడేవాళ్లు నీళ్ల గురించి మాట్లాడరు, పల్లెలో మాట్లాడేవాళ్లు తనిఖీల గురించి మాట్లాడరు. ఒకే రాయి గురించి జరుగుతున్న ఈ రెండు చర్చలు ఇంతవరకు కలవలేదు. ఈ వ్యవహారం మొత్తంలో పెద్ద లోటు ఇదేనని చెప్పాలి.

ఇంకా తేలనివి

అంతర్జాతీయ వేదికలపై తేలని జాబితా పొడవైనదే. సీటీబీటీ 1996లో సిద్ధమైనా 44 నిర్దేశిత దేశాలూ ఆమోదించనిదే అమలు కాదు. భారత్, పాక్, ఉత్తర కొరియా సంతకమే పెట్టలేదు. అమెరికా, చైనా పెట్టి ఆమోదించలేదు. రష్యా 2023లో తన ఆమోదాన్ని వెనక్కి తీసుకుంది. ఎన్‌ఎస్‌జీలో భారత్ సభ్యత్వం 2016 సియోల్ సమావేశం నుంచి చైనా దగ్గర ఆగింది. తనిఖీలకు ఒప్పుకుని 2015లో ఒప్పందం కుదుర్చుకున్న ఇరాన్‌ను అమెరికా 2018లో వదిలేసింది, 2025 జూన్‌లో దాని అణు కేంద్రాలపై బాంబులు వేసింది. ఆయుధాలిచ్చేసిన ఉక్రెయిన్‌కు 1994 బుడాపెస్ట్ హామీలు ఏమయ్యాయో అందరూ చూశారు. నియమం పాటించినవాడికి రక్షణ ఏదన్న ప్రశ్నకు మొదటి వాదం దగ్గర ఇప్పుడు తడుముకోకుండా చెప్పే జవాబు లేదు.

నల్లమలకు దగ్గరగా తగిలేది బాంబు పదార్థం తయారీని ఆపే ఒప్పందం. 1993లో సమితి సాధారణ సభ అడిగింది, 1995లో జెనీవాలో చర్చల విధివిధానాలు కుదిరాయి, ఆ తర్వాత బండి కదల్లేదు. తయారీ ఒక్కటే ఆపితే చాలదు, ఇప్పటికే ఉన్న నిల్వలూ లెక్కలోకి రావాలని పాకిస్తాన్ పట్టు. చర్చలకు సిద్ధమేనని భారత్ అంటుంది. అది ఎప్పుడైనా వస్తే దేశీయ యురేనియం దారిని కూడా ఎవరో ఒకరు చూడాల్సి వస్తుంది. అప్పుడు గని దగ్గర పుస్తకం తెరవమనడం వింత కోరికలా వినిపించదు. బాంబు కోసం కాకపోయినా బావి కోసమైనా ఆ పుస్తకాన్ని ఇప్పుడే తెరవవచ్చు. తుమ్మలపల్లి బోరు నీటిలో ఏముందో చెబితే శత్రువుకు చిక్కే రహస్యం ఏదీ లేదు.

దేశంలో అడుగులు మరో దిక్కుగా పడుతున్నాయి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం 1962 చట్టం స్థానంలోకి వచ్చి, అణు విద్యుత్తులో ప్రైవేటు కంపెనీలకు తలుపు తీసింది. అంతకు మూడు నెలల ముందే, సెప్టెంబరులో, కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చింది. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు అందుకు చెప్పిన కారణం. లంబాపూర్ గని మీద 2003లో జనం లేచి నిలబడి చెప్పిన అభ్యంతరాలు ప్రభుత్వ ఫైలులో నమోదయ్యాయి. నల్లమల చుట్టూ రేపు ఏ కొండ దగ్గర యురేనియం గని ప్రతిపాదన వచ్చినా, అలాంటి ఫైలు తెరవాల్సిన అవసరం ఈ మినహాయింపు ప్రకారం అధికారులకు లేదు.